చావు సామాన్ల కొట్టుకి ఉనికి పత్రం

నందులపాలెం పురపాలక సంఘానికి జ్ఞానోదయం ఒక పెద్దాయన ఆకలి వల్ల కలిగింది. రాజధాని నుంచి తనిఖీకి వచ్చిన ఆ పెద్దాయన ఉదయం ఎనిమిదింటికి బస్టాండు ఎదురుగా కారాపించి, టిఫిను ఎక్కడ దొరుకుతుందో ఫోన్లో వెతికాడు. ఆ సమయానికి ఆయన కారుకి కుడివైపు ఇడ్లీ పాత్ర ఆవిరి కక్కుతోంది. ఎడమవైపు పెసరట్టు మీద ఉల్లిపాయలు చిటపటలాడుతున్నాయి. వెనక పూరీలు పొంగుతున్నాయి. ఫోను మాత్రం, దగ్గరలో ఉన్న టిఫిను హోటలు ఇరవైరెండు కిలోమీటర్ల అవతల ఉందని చెప్పింది. పెద్దాయన చదువుకున్నవాడు కనక ముక్కుని నమ్మకుండా ఫోనుని నమ్మి ఇరవైరెండు కిలోమీటర్లు వెళ్ళిపోయాడు. తనిఖీ పుస్తకంలో "ఈ ఊళ్ళో ఏమీ లేదు" అని రాసి సంతకం పెట్టాడు.

ఆ ఒక్క వాక్యం మీద సంఘం మూడు రోజులు కూర్చుంది. నాలుగో రోజున తీర్మానం చేసింది. "అంతర్జాలమున వెతికిన యెడల మొదటి పుటలో కానరాని దుకాణమును లేనట్లే భావించవలెను." ఉన్న దుకాణాలకి ఉనికి పత్రం ఇస్తారు. లేని దుకాణాలు అరవై రోజుల్లో ఉండడం మొదలుపెట్టాలి, లేకపోతే సీలు పడుతుంది. ఈ పని చూడడానికి దర్శనీయతా విభాగం అని కొత్తగా ఒకటి పెట్టి, అంతవరకు దోమల విభాగం చూస్తున్న కమలాకరం గారిని దానికి అధికారిని చేశారు. ఉన్నదాన్ని కాగితం మీద లేకుండా చెయ్యడంలో ఆయనకి ఇరవై ఏళ్ళ అనుభవం ఉంది.

అచ్చియ్యమ్మకి ఈ సంగతి పక్క కొట్టు టైలరు మస్తాను చెప్పాడు. చెప్పిన రోజు నుంచి ఆవిడకి అన్నం సయించలేదు.

ఆవిడది మార్కెట్టు వీధి చివర చావు సామాన్ల కొట్టు. పాడె కట్టడానికి పచ్చి వెదురు, కొబ్బరి తాళ్ళు, కొత్త కుండలు, గుడ్డ, నువ్వులు, దర్భలు, పేలాలు, పిడకలు, పసుపు, కుంకం. నలభై వేల మంది ఉన్న ఊరికి అలాంటి కొట్టు అదొక్కటే. దాన్ని మొదట పెట్టినది ఆవిడ భర్త సత్తిరాజు. ఆయన పోయిన రోజున, ఊరందరికీ సామాను ఇచ్చే మనిషే పోతే ఇంక ఎవరిస్తారో తెలియక చుట్టాలంతా గుమ్మంలో నిలబడిపోయారు. అచ్చియ్యమ్మే లేచి, ఆయన మొలతాడుకున్న తాళంచెవి తీసుకుని, మూడు సందులు దాటి వెళ్ళి కొట్టు తెరిచింది. మొగుడికి కావలసినవన్నీ తన చేత్తోనే ఏరి ఇచ్చింది. ఆనాటి నుంచి ఆవిడకి ఒకటే బెంగ. ఎవరైనా గుండె చెదిరి పరుగెత్తుకొచ్చేసరికి తన కొట్టు మూసి ఉంటే? ఆ భయంతో పద్దెనిమిదేళ్ళుగా పొరుగూరు వెళ్ళలేదు. అన్నం తింటున్నా చెవి వీధివైపే ఉంటుంది.

ఆ కొట్టు పద్ధతులు వేరు. అక్కడ బేరం ఆడరు. రండి రండి అని ఎవర్నీ పిలవరు. వెళ్ళేవాళ్ళు వెళ్ళొస్తాననరు. ఇచ్చేవాళ్ళు మళ్ళీ రమ్మనరు. కొట్టుకి పేరు లేదు, బోర్డు లేదు. గోడకి చేరవేసిన వెదురు బొంగులే గుర్తు. అవసరం పడినవాడు దారిలో ఎవర్నో ఆపితే చాలు, వాడు నోరు తెరిచేలోపే మొహం చూసి, చివరిదాకా వెళ్ళి ఎడంవైపు అని చెప్పేస్తారు.

కమలాకరం గారు తనిఖీకి వచ్చారు. కొట్టు ముందు నిలబడి, కొట్టువైపు చూడకుండా ఫోనువైపు చూశారు.

"ఇక్కడ దుకాణం ఏమీ లేదు," అన్నారు.

"ఇదేనండి బాబుగారూ. తమరు నిలబడ్డది దీని అరుగు మీదేనండి," అంది అచ్చియ్యమ్మ.

"అరుగు ఉంది. కాదనడం లేదు. దుకాణం లేదు."

"మరి నేనండీ?"

"మీరు ఉన్నారో లేదో ఓటర్ల జాబితా విభాగం చూసుకుంటుంది. మా విభాగం దుకాణాల వరకే."

మస్తాను నోట్లో గుండుసూదులు అరచేతిలోకి తీసుకుని, "అయ్యా, మరి లేని కొట్టుకి పోయినేడు చెత్తపన్ను ఎలా రాశారండీ?" అన్నాడు.

"చెత్త ఉంది కాబట్టి," అన్నారు కమలాకరం గారు. ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు.

వెళ్తూ వెళ్తూ సంఘం ఆమోదించిన డిజిటల్ మార్కెటింగ్ నిపుణుల జాబితా ఇచ్చారు. అందులో నచ్చిన నిపుణుణ్ణి ఎంచుకునే పూర్తి స్వేచ్ఛ దుకాణదారులకి ఉంది. జాబితాలో ఒకటే పేరుంది.

ఆ పేరు చక్రధర్‌ది. రెండేళ్ళ కిందటిదాకా ఇళ్ళస్థలాలు అమ్మేవాడు, అంతకుముందు మోకాళ్ళనొప్పుల తైలం. ఇప్పుడు వ్యాపారాలని వెలుగులోకి తెస్తున్నాడు. లాప్‌టాప్ తెరిచి కుండల మధ్య పీట వేసుకుని కూర్చున్నాడు.

"మామ్మగారూ, ముందు మీ టార్గెట్ ఆడియన్స్ ఎవరో చెప్పండి."

"అంటే ఏంటి బాబూ?"

"మీ దగ్గరికి ఎవరెవరొస్తారు?"

"అందరూ వస్తారు. ఒకరు ముందు, ఒకరు వెనక."

చక్రధర్ కళ్ళు మెరిశాయి. మార్కెట్టు నూటికి నూరు శాతం అని లాప్‌టాప్‌లో కొట్టుకున్నాడు. "వచ్చినవాళ్ళు మళ్ళీ ఎన్నాళ్ళకొస్తారు?"

"రాకూడదనే దణ్ణం పెట్టుకుంటాను."

"అదే మీ లోపం. పాత కస్టమర్లని పట్టించుకోవడం లేదు." అదీ కొట్టుకున్నాడు. "ఇంక రివ్యూలు. మీ సామాను వాడినవాళ్ళ చేత ఐదేసి స్టార్లు వేయించాలి."

"వాడినవాళ్ళు వెళ్ళిపోతారు కదా బాబూ."

"వెళ్ళేలోపు అడగాలి మామ్మగారూ! అందరూ చేసే తప్పే ఇది."

మస్తాను మిషను తొక్కడం ఆపేశాడు. అచ్చియ్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వాపుకోవడానికో, ఏడుపాపుకోవడానికో ఆవిడకే తెలియలేదు.

"పోనీ సామాను తీసుకెళ్ళేవాళ్ళ చేత వేయిద్దాం," అన్నాడు చక్రధర్. "చేతిలో కుండ పట్టుకుని నవ్వుతూ ఒక ఫోటో దిగమనండి."

"నవ్వుతూనా?"

"నవ్వు లేని ఫోటో ఎవరూ నొక్కరండి. అది నా మాట కాదు, పరిశోధన. వెళ్ళేటప్పుడు దణ్ణం పెట్టి 'మళ్ళీ రండి, మీ స్నేహితుల్ని కూడా తీసుకురండి' అనండి."

"చెప్పుచ్చుకు కొడతారు నాయనా."

"కొట్టనివ్వండి, ఆ వీడియో బాగా పాకుతుంది."

చివరికి అసలు చిక్కు అతనికి తెలిసింది. ఊళ్ళో ఎవరూ చావు సామాను కోసం ముందుగా వెతకరు. ఆ మాట ఫోన్లో కొట్టడానికే వేలు రాదు. కొడితే ఇంట్లోవాళ్ళు చూసి భయపడతారు. అదే పెళ్ళి సామాను అని కొట్టేవాళ్ళయితే వేలల్లో ఉన్నారు. చక్రధర్ కొట్టంతా కలియజూశాడు.

"మీ దగ్గర ఏమున్నాయి? వెదురు, కుండలు, పసుపు, కొబ్బరికాయలు, కొత్తగుడ్డ. పెళ్ళికి కావలసినవేంటి? అవేగా! తేడా ఏముంది?"

"సామాన్లో తేడా ఏం లేదు బాబూ. ఇంట్లో ఉంటుంది."

"ఇంట్లో సంగతి మనకెందుకండి," అని చక్రధర్ పేజీ తయారుచేసేశాడు. *మీ ఇంట్లో కార్యమా? పందిరి వెదురు మొదలు పసుపు కుంకాల దాకా సమస్తం ఒకేచోట. మూడు తరాల నమ్మకం. ఇంతవరకు ఒక్క ఫిర్యాదు లేదు.*

ఫిర్యాదు లేదన్న మాట మాత్రం నిజమే.

నాలుగో రోజున ఒకాయన ఫోను చూసుకుంటూ వచ్చాడు. జరీ అంచు పంచె, నుదుట బొట్టు, మొహం నిండా సంతోషం. ఎవరో పోయిన మొహం కాదది.

"మా అమ్మాయి పెళ్ళండీ! పందిట్లోకి వెదురు, కుండలు కావాలి. ఈ కుండ బావుంది," అంటూ చెయ్యి చాపాడు.

"ముట్టుకోకండి బాబుగారూ!"

ఆవిడ అరిచిన అరుపుకి వీధిలో రిక్షా ఆగిపోయింది. ఆయన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. ఆవిడ పరుగున వచ్చి ఆయనకీ కుండలకీ మధ్య నిలబడింది.

"మీరు ఇవతలకి రండి. అమ్మాయి చల్లగా ఉండాలి. పెళ్ళి కుండలు రథం వీధిలో కుమ్మరాళ్ళ దగ్గర దొరుకుతాయి. ఇవి అవి కావండి. ఈ కొట్టు అది కాదండి."

ఆయన కొట్టుని మొదటిసారి కళ్ళతో చూశాడు. దర్భలు చూశాడు. పిడకలు చూశాడు. మస్తాను కొట్టు ముందున్న కుళాయి దగ్గర మూడుసార్లు కాళ్ళు కడుక్కుని, నెత్తిన నీళ్ళు చల్లుకుని, ఇంటికి వెళ్ళి తీరిగ్గా ఒక స్టారు వేశాడు. "వెదురు నాణ్యమైనది. దుకాణం అమంగళం. ఆవిడ మంచిదే," అని రాశాడు.

అదే ఆ కొట్టుకి వచ్చిన మొదటి రివ్యూ. చక్రధర్ స్వయంగా వచ్చి అభినందించాడు.

నెల తిరిగేసరికి దర్శనీయతా విభాగం నుంచి మెమో వచ్చింది. మస్తాను చదివి వినిపించాడు. "సదరు దుకాణము కొరకు గత మాసమున జరిగిన వెతుకులాటలు మూడు. లక్ష్యము ఐదువందలు. లోటునకు కారణములు తెలుపుచు, రాబోవు త్రైమాసికమున గిరాకీని పెంచుటకు ప్రణాళికను సమర్పించవలయును."

"ఆ మూడు ఎవరు మస్తానూ?"

"ఒకటి చక్రధర్, ఒకటి కమలాకరం గారు. మూడోది ఆ పెళ్ళి పెద్దమనిషి. పాపం, ఆయన వెతికింది నిన్ను కాదక్కా."

అచ్చియ్యమ్మ జవాబు చెప్పింది, మస్తాను రాశాడు. "అయ్యా, మన ఊళ్ళో నెలకి ఇరవై, పాతిక మంది పోతారు. ముసురు పట్టిన నెలలో కొంచెం ఎక్కువ. గిరాకీ పెంచడం నా చేతిలో లేదు. పెరక్కుండా చూడమని రోజూ దీపం పెట్టి దణ్ణం పెట్టుకుంటాను. ఇది తప్పయితే క్షమించండి."

దానికి వారంలో జవాబొచ్చింది. "తమ ప్రత్యుత్తరము వ్యాపారాభివృద్ధికి వ్యతిరేక ధోరణిలో యున్నది. తమరు దీపము పెట్టుటను పునఃపరిశీలించుకొనవలెను. గిరాకీ విషయమై పెద్దాసుపత్రితోను, ప్రజారోగ్య విభాగముతోను సమన్వయము చేసుకొని ఉమ్మడిగా కృషి సల్పవలెను."

మస్తాను ఆ కాగితం మడిచి, "పెద్దాసుపత్రివాళ్ళు వీళ్ళు చెప్పకపోయినా కృషి చేస్తూనే ఉన్నారు కదక్కా," అన్నాడు.

అరవై రోజులు దగ్గరపడుతున్నా ఊళ్ళో వెతుకులాటలు పెరగలేదు. ఎందుకు పెరగలేదో కమలాకరం గారు లోతుగా ఆలోచించారు. జనం వెతకడం లేదు, ఎందుకంటే వాళ్ళకి వెతక్కుండానే దొరుకుతున్నాయి. బోర్డు చూసి వెళ్తున్నారు. వాసన చూసి వెళ్తున్నారు. అన్నిటికన్నా ఘోరంగా, ఒకళ్ళనొకళ్ళు అడిగి తెలుసుకుంటున్నారు. దీంతో రెండో ఉత్తర్వు వచ్చింది. దుకాణాల బోర్డులు తీసెయ్యాలి. దారిన పోయేవాడికి ఏ దుకాణమైనా ఎక్కడుందో నోటితో చెప్పడం నేరం. అడిగినవాడు తెలియకడిగాడు కనక అతన్ని హెచ్చరించి వదిలెయ్యాలి, చెప్పినవాడు తెలిసి చెప్పాడు కనక జరిమానా. వెతక్కుండా వచ్చిన మనిషికి సామాను ఇచ్చిన కొట్టుకి సీలు.

అచ్చియ్యమ్మకి తీసెయ్యడానికి బోర్డు లేదు. గోడకి చేరవేసిన వెదురుని "అనధికార దృశ్య సూచిక"గా గుర్తించి లోపల పెట్టమన్నారు. బొంగులు కొట్టు కన్నా పొడుగు. అందుకని వెనక కిటికీలోంచి వాటి కొసలు బయటకి పెట్టింది. వెనక సందు మరో వార్డు కిందికి వస్తుంది కనక ఆ కొసల గురించి కమలాకరం గారు ఏమీ అనలేదు.

ఆ రోజుల్లో ఊళ్ళో మనుషులు ఎవరికి ఏం కావాలో తెలిసీ నోరు మెదపకుండా తిరిగారు. గుండె పగిలి వచ్చినవాడు దారి అడిగితే, తెలిసినవాళ్ళు తల దించుకుని తప్పుకున్నారు. మస్తాను మాత్రం, "నేను చెప్పకూడదు నాయనా. కానీ ఇప్పుడు సూదిలో దారం ఎక్కిస్తాను. నా మోచెయ్యి ఎటుంటే అటు చూడడానికి నీకు ఏ అడ్డూ లేదు," అనేవాడు.

ఒకనాడు మధ్యాహ్నం ఒంటిగంట వేళ, ఎండ మాడ్చేస్తుంటే, కాళ్ళకి చెప్పులు లేకుండా ఒక మనిషి వచ్చి అరుగు ముందు నిలబడ్డాడు. జేబులో ఫోను మోగుతూ ఉంది, తియ్యడం లేదు. ఎవరో ఏమిటో అచ్చియ్యమ్మ చూడలేదు. ఆ గుమ్మంలో ఆవిడ చూసేది మొహంలో దుఃఖం ఒకటే.

"ఎవరు బాబూ?"

"అమ్మ."

గొంతు విన్నాక గుర్తుపట్టింది. కమలాకరం గారు.

"ఎప్పుడు బాబూ?"

"భోంచేసి పడుకుంది. మంచినీళ్ళడిగింది. నేను గ్లాసు కడిగి తెచ్చేలోపు..." ఆయన చేతులు ఇంకా గ్లాసు పట్టుకున్నట్టే ఉన్నాయి. "గ్లాసు కడక్కుండా ఉండాల్సింది."

"నాన్నగారున్నారా?"

"పక్కనే కూర్చున్నారు. ఎంత చెప్పినా లేవడం లేదు."

"అయితే అమ్మగారు పసుపు కుంకాలతో వెళ్ళారు. ఎర్రచీర ఇస్తాను. గాజులు ఇంట్లోవే వెయ్యండి, అలవాటైనవి. పూలు బజార్లో కొనకండి, పెరట్లో ఉంటే అవే కొయ్యండి." ఆవిడ ఒక్కొక్కటీ పైకి చెబుతూ కట్టింది. ఇలాంటప్పుడు మనుషులకి చెప్పింది గుర్తుండదని ఆవిడకి తెలుసు. అందుకే ప్రతిదీ రెండుసార్లు చెబుతుంది. "తాడు కొంచెం ఎక్కువిచ్చాను. చాలకపోతే మళ్ళీ పంపక్కర్లేదు."

వెదురు బొంగులు మస్తాను భుజానికెత్తుకున్నాడు. కమలాకరం గారు కుండ పట్టుకుని రెండడుగులు వేసి, "వస్తానమ్మా," అన్నారు అలవాటుగా.

"ఆ మాట అనకూడదు బాబూ. వెళ్ళండి. వెనక్కి చూడకుండా వెళ్ళండి."

ఆయన అలాగే వెళ్ళారు.

మస్తాను తిరిగొచ్చి చెమట తుడుచుకుంటూ, "పోన్లే అక్కా, ఇంక నీ కొట్టుకేం భయం లేదు. వెతక్కుండా రావడం అంటే ఏంటో ఆయనకే తెలిసింది," అన్నాడు. అచ్చియ్యమ్మ కూడా చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా తింది.

పధ్నాలుగో రోజున నోటీసు వచ్చింది. "ఈ నెల పదకొండవ తేదీ మధ్యాహ్నము ఒక వ్యక్తి అంతర్జాలమున వెతకకయే తమ దుకాణమునకు వచ్చి సామగ్రి పొందినట్లు, సదరు వ్యక్తి స్వయముగా ఇచ్చిన వాంగ్మూలము వలన నిర్ధారణ అయినది. కావున దుకాణమునకు సీలు వేయబడును." కింద సంతకం కమలాకరం గారిది. వాంగ్మూలం కింద సంతకం కూడా ఆయనదే.

మర్నాడు పదకొండింటికి ఆయనే వచ్చారు. గుండు మీద వెంట్రుకలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి. వెంట ఇద్దరు బంట్రోతులు, లక్క, కొవ్వొత్తి. కన్నతల్లి విషయంలోనూ నిబంధన సడలించని అధికారి అని అప్పటికే సంఘం ఆయనకి ప్రశంసాపత్రం ఇచ్చి ఉంది.

"నాన్నగారు అన్నం తింటున్నారా బాబూ?" అంది అచ్చియ్యమ్మ.

కమలాకరం గారు చదవబోతున్న కాగితం కిందికి దించారు. "కొంచెం," అన్నారు. మళ్ళీ కాగితం పైకెత్తారు.

అప్పుడు పెద్ద బంట్రోతుకి ఒక సందేహం వచ్చింది. "అయ్యా, రికార్డు ప్రకారం ఈ దుకాణం లేదు కదండీ. లేనిదానికి సీలెలా వేస్తామండీ? ఆడిట్లో పట్టుకుంటారు."

కమలాకరం గారు కంగారుపడలేదు. సంచీలోంచి ఇంకో కాగితం తీశారు. సీలు వేయు నిమిత్తం తాత్కాలిక ఉనికి పత్రం. ఆ రోజు పదకొండు నుంచి పదకొండున్నర వరకు అచ్చియ్యమ్మ కొట్టు ఉన్నట్టు సంఘం అంగీకరించింది.

ఆ అరగంటలో ఆవిడ సామానంతా బయటికి తెచ్చుకుంది. మస్తాను, అతని భార్య, రిక్షావాడు తలో చెయ్యి వేశారు. బంట్రోతులు కూడా కుండలు పట్టుకున్నారు. వాళ్ళిద్దరూ ఎప్పుడో ఒకప్పుడు ఆ గుమ్మంలో నిలబడ్డవాళ్ళే. సామాను మూడు సందుల అవతల ఆవిడ ఉంటున్న పెంకుటింటి వసారాలోకి చేరింది. పదకొండున్నరకి సీలు పడింది.

ఆవిడ భయపడ్డదే అయింది. కొట్టు మూతపడ్డ రెండో రోజునే చేపల మార్కెట్టు దగ్గర ఒక కుర్రదాని తండ్రి పోయాడు. వాళ్ళ చిన్నాన్న వచ్చి, తాళం చూసి, అరుగు మీద కూలబడి, ఆ పిల్ల ఏడుస్తోందని చెప్పి తను ఏడ్చాడు. మస్తాను మోచెయ్యి సాయంతో అచ్చియ్యమ్మ ఇల్లు చేరేసరికి మూడు గంటలు గడిచిపోయాయి. ఆ రోజు నుంచి ఆవిడ ఇంట్లో కూర్చోలేదు. పొద్దున్నే వచ్చి మస్తాను మెట్టు మీద కూర్చుని, తాళం పడిన తన తలుపుకేసి ఎవరొస్తారా అని చూసేది. వచ్చినవాళ్ళకి దారి చెప్పేది కాదు. చెప్పడం నేరం కదా. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేది. చెయ్యి పట్టుకోవడం గురించి ఉత్తర్వులో ఏమీ లేదు.

కానీ అందరూ మస్తాను మెట్టుదాకా రారు. గోడకి వెదురు లేదు, తలుపు తీసి లేదు, దారిలో ఎవరూ నోరు విప్పరు. ఇంక మిగిలింది ఫోను. ఒక ఇంట్లో మనిషి పోతే వచ్చిన చుట్టాలు నలభై మంది. నలభై ఫోన్లూ ఒకేసారి వెతికాయి. దొరక్కపోతే మళ్ళీ వెతికాయి. పక్క వీధిలో మంచాన పడ్డ ముసలాళ్ళున్న ఇళ్ళవాళ్ళు కూడా, ఎందుకైనా మంచిదని, ముందుగానే వెతికి పెట్టుకోవడం మొదలుపెట్టారు. నెల పూర్తయ్యేసరికి ఆ కొట్టు కోసం వెతుకులాటలు రెండువేల మూడువందలు. నందులపాలెంలో మరే దుకాణం కోసమూ ఎవరూ అంతగా వెతకలేదు. మొదటి పుటలో మొదటి పేరు అదే.

కమలాకరం గారి విభాగానికి పైనుంచి అభినందన వచ్చింది. సీలు వెయ్యడం వల్ల దర్శనీయత పెరుగుతుందని రుజువైంది కనక, మిగతా దుకాణాలకి కూడా ఈ పద్ధతిని విస్తరించే విషయం పరిశీలనలో ఉంది. అత్యధిక శోధిత సంస్థగా చావు సామాన్ల కొట్టుకి శాశ్వత ఉనికి పత్రం, శాలువా, జ్ఞాపిక ఇవ్వాలని నిర్ణయించారు. సీలు తియ్యడమా? ఆ ఫైలు వేరే విభాగంలో ఉంది.

సన్మానం రికార్డులో ఉన్న చిరునామాలోనే జరగాలి కనక, తాళం వేసిన తలుపు ముందు షామియానా వేశారు. మైకు పెట్టారు. డప్పులవాళ్ళు వచ్చారు. ఆ కొట్టు ముందు డప్పు కొత్తేమీ కాదు, వాళ్ళ చేతులు అలవాటుగా వేరే దెబ్బ పట్టబోతే పెద్ద బంట్రోతు ఆపి పెళ్ళి దెబ్బ కొట్టించాడు. సంఘం పెద్దలు వరసగా కూర్చున్నారు. అధ్యక్షులవారు తాళానికి పూలమాల వేశారు. చక్రధర్ నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీశాడు. కమలాకరం గారు మైకు అందుకుని, వెతికినవాడికి దొరకకపోయినా వెతుకుట ఆగకపోవడమే నిజమైన వ్యాపారాభివృద్ధి అని చెప్పారు. ఆ మాట మధ్యలో ఒకసారి ఆగి మంచినీళ్ళు తెమ్మన్నారు. గ్లాసు వచ్చాక దానికేసి చూసి, తాగకుండానే పక్కన పెట్టేశారు.

అచ్చియ్యమ్మ మస్తాను మెట్టు మీద కూర్చుని ఇదంతా చూస్తోంది. మస్తాను ఆవిడకి ఉతికిన చీర కట్టుకు రమ్మని చెప్పి ఉన్నాడు. "వెళ్ళక్కా, నీ పేరే పిలుస్తారు ఇప్పుడు. శాలువా కప్పుతారు. ఆ పత్రం చేతికొస్తే సీలు తియ్యమని అడగొచ్చు."

ఆవిడ లేచి కొంగు సర్దుకుంది. అప్పుడే జనం వెనక ఒకామె కనబడింది. ముప్పై ఏళ్ళుంటాయి. జుట్టు ముడి వీడిపోయింది. ఒక కాలికే చెప్పుంది. చేతిలో ఫోను లేదు. షామియానా, పూలమాల, తాళం, డప్పులు, అన్నిటికేసీ చూసింది. తప్పు చోటికి వచ్చాననుకుని వెనక్కి తిరగబోయి, మళ్ళీ ఆగి, పక్కనున్న ఆయన్ని ఏదో అడిగింది. ఆయన తల దించుకున్నాడు. ఇంకొకాయన్ని అడిగింది. ఆయన ఫోను చూపించాడు. అందులో బాణం గుర్తు ఆ తాళాన్నే చూపిస్తోంది.

"అత్యధిక శోధిత సంస్థ యజమానురాలు శ్రీమతి అచ్చియ్యమ్మగారిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాం," అంది మైకు.

మస్తాను ఆవిడ వీపు మీద చెయ్యి వేసి ముందుకి నెట్టాడు. అచ్చియ్యమ్మ జనంలోకి దిగింది. వేదిక ఎడమ పక్కన ఉంది. ఆవిడ కుడి పక్కకి తిరిగి, మనుషుల్ని తోసుకుంటూ వెళ్ళి, ఆమె చెయ్యి పట్టుకుంది.

"నాతో రా తల్లీ. ఎవరు?"

"మా ఆయనండి. లారీ దిగి ఇంట్లోకొచ్చాడు. కూర్చున్నాడు. అంతేనండి."

"రా. దగ్గరే."

ఇద్దరూ సందులోకి మళ్ళారు. వెనక మైకు రెండోసారి పిలిచింది. మూడోసారి, అచ్చియ్యమ్మగారు ఎక్కడ ఉన్ననూ తక్షణమే వేదిక వద్దకు రావలెనని కోరింది. వెతికిననూ దొరకనందున బహుమతిని సంస్థ తరఫున వారి డిజిటల్ మార్కెటింగ్ నిపుణులు చక్రధర్ గారు స్వీకరిస్తారని చెప్పింది. చప్పట్లు వినబడ్డాయి.

అచ్చియ్యమ్మ వసారాలో వెదురు బొంగుల దగ్గర ఆగి, ఒకటి తీసి, ఇంకొకటి తీసి చూసింది.

"మీ ఆయన పొడుగరా అమ్మా?"

ఆమె తన తలకి జానెడు పైన చెయ్యెత్తి చూపించింది. ఎత్తిన చెయ్యి చాలాసేపు దించలేదు.